బర్రె బెంగ, పాము పగ: పశువుల మనసును ఎంతవరకు చదవగలం?

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో, అంగడిలో కొన్న బర్రె కొత్త కొట్టానికి చేరాక మొదటి రెండు మూడు రోజులు మేత సరిగ్గా ముట్టదు. కుడితి గోలెంలో మూతి పెట్టి వెంటనే తీసేస్తుంది. పలుపు ఎంతవరకు సాగితే అంతవరకు వచ్చిన దారి వైపు జరిగి నిలబడుతుంది. పొద్దుగూకే వేళ అరుస్తుంది. పాలు సగానికి పడిపోతాయి. ఇంటివాళ్లు దీన్ని ‘బెంగ పెట్టుకుంది’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అదే బర్రెను పశువైద్యుడు చూస్తే జ్వరం లేదని, కడుపుబ్బరం లేదని, నెమరు తగ్గిందని గమనించి, ప్రయాణం వల్ల, చోటు మారడం వల్ల కలిగిన ఒత్తిడి అంటాడు. ఇద్దరూ చూసింది ఒకే పశువును, ఒకే ప్రవర్తనను. ఇంటివాళ్లు దాని లోపల ఏం జరుగుతోందో చెబుతున్నారు, వైద్యుడు బయటికి కనిపించే దానికి మించి చెప్పడానికి ఇష్టపడడం లేదు. జంతువులకు మనుషుల్లాంటి ఉద్వేగాలు ఉన్నాయా అన్న ప్రశ్న మీద శాస్త్రలోకంలో 150 ఏళ్లుగా సాగుతున్న వాదం, కొంచెం అటూ ఇటూగా, ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం గురించినదే.

తెలుగులో పశువుల మనసు గురించి మాట్లాడే పదాలకు కొదవ లేదు. ఎద్దు బెదురుతుంది, ఆవు మచ్చికవుతుంది, కోడె పొగరు చూపుతుంది, కుక్క అలుగుతుంది, పాము పగబడుతుంది. వీటిలో కొన్ని మొదటి నుంచీ పశువులవే. ‘మచ్చిక’ లాంటి మాట మనుషులకు వాడినప్పుడే అరువు తెచ్చుకున్నట్టు వినిపిస్తుంది. మరికొన్ని మనుషుల మధ్య పుట్టి పశువులకు అంటగట్టినవి. మామూలు వ్యవహారంలో ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాల్సిన అవసరమూ రాదు. అయితే ‘మనుషుల్లాగే’ అన్న మాట వచ్చి చేరిన మరుక్షణం అది ముఖ్యమైపోతుంది, ఎందుకంటే ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి.

భయమేసినప్పుడు మనిషి ఒంట్లో జరిగే మార్పులు, అంటే గుండె దడ, ఎడ్రినలిన్ అనే హార్మోను పెరగడం, కండరాలు బిగుసుకోవడం వంటివి పశువులోనూ జరుగుతాయా అన్నది మొదటిది. అవి జరుగుతున్నప్పుడు పశువుకు లోపల ఏమైనా ‘అనిపిస్తుందా’, లేక గడియారంలో ముల్లు కదిలినట్టు ఊరికే జరిగిపోతాయా అన్నది రెండోది. ఆ అనిపించినదానికి పేరు పెట్టి, కారణం వెతికి, నిన్నటితోనూ రేపటితోనూ కలిపి ఒక కథగా అల్లుకోగలదా అన్నది మూడోది. క్షీరదాల వరకు మొదటి ప్రశ్నకు జవాబు దాదాపుగా తేలిపోయింది. రెండోదానికి నేరుగా రుజువు దొరకదు గానీ పరోక్ష ఆధారాలు గట్టివే ఉన్నాయి. మనిషికీ పశువుకూ అసలు ఎడం ఉన్నది మూడోదాంట్లో. మొదటిదానికి దొరికిన ఆధారాన్ని తెచ్చి మూడోదానికి చూపించడం, లేదా మూడోది లేదు కాబట్టి రెండోది కూడా లేదని కొట్టిపారేయడం ఈ చర్చలో తరచుగా కనిపించే పొరపాట్లు.

మొదటి ప్రశ్న ఎంత ఇంటిదగ్గరి విషయమో పాలు పితికే చోట తెలుస్తుంది. బర్రె పొదుగులో పాలు చాలావరకు లోపలి సన్నని గ్రంథుల్లోనే ఉండిపోతాయి. చన్నుల దాకా వాటంతటవే దిగిరావు. దూడ మూతితో పొదుగును కుమ్మినప్పుడో, అలవాటైన చేయి నీళ్లతో కడిగి నిమిరినప్పుడో, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వచ్చి, పాల గ్రంథులను చుట్టుకుని ఉన్న కండర కణాలను బిగిస్తుంది. అప్పుడు చన్నులు నిండి పాలు దిగుతాయి. దాన్నే ‘చేపడం’ అంటారు. సరిగ్గా ఆ సమయంలో పక్కన కుక్కలు కొట్లాడుకున్నా, ముఖం తెలియని మనిషి వెనక నుంచి వచ్చినా, వీపు మీద దెబ్బ పడినా ఎడ్రినలిన్ పెరిగి ఆక్సిటోసిన్ పనిని అడ్డుకుంటుంది, చేపిన బర్రె కూడా పాలు ఆపేస్తుంది. బిడ్డ ఏడుపు వినగానే బాలింతకు పాలు రావడం, భయంలోనూ దిగులులోనూ అవి సరిగ్గా దిగకపోవడం ఈ దారిలో జరిగేవే. పాలు రోజూ ఒకే మనిషి పితకాలని, ఇల్లాలు ఊరికి వెళ్తే ఆమె చీర చుట్టుకుని ఇంట్లో మగవాళ్లు పితకాలని కొన్ని కుటుంబాలు పాటించే పద్ధతి నవ్వు తెప్పించవచ్చు గానీ మూఢనమ్మకం కాదు. పశువు లోపలి స్థితి గురించి తరాలుగా పోగైన పరిశీలన అందులో ఉంది.

దూడ చనిపోయిన బర్రె తేలిగ్గా చేపదు. దానికి పల్లెల్లో ఒక పాత ఉపాయం ఉంది. చనిపోయిన దూడ తోలు ఒలిచి, ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టి, పాల వేళకు తల్లి ముందు నిలబెడతారు. ఆ బొమ్మకు కళ్లుండవు, కాళ్లు వంకరగా ఉంటాయి, కుట్ల మధ్య నుంచి గడ్డి పొడుచుకు వస్తుంటుంది. బర్రె దాన్ని మూతి నుంచి తోక దాకా వాసన చూస్తుంది, వీపు మీద నాకుతుంది, నోరు తెరవకుండా గొంతులోనే సన్నగా శబ్దం చేస్తుంది, పాలు వదులుతుంది. గడ్డి బొమ్మకూ కన్న దూడకూ తేడా తెలియని జీవానికి దుఃఖం ఏమిటని దీన్ని చూసి ఎవరైనా అనవచ్చు. కానీ బర్రె లోకంలో దూడ అంటే ముందుగా ఒక వాసన, ఆ తర్వాతే ఒక రూపం. పోయిన తల్లి చీరను ఉతక్కుండా దాచుకుని, అప్పుడప్పుడు తీసి ముఖానికి అద్దుకునే మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చీర తల్లి కాదని వాళ్లకు తెలుసు, అయినా ఆ వాసనకు ఒళ్లు కుదుటపడుతుంది. తెలిసినదానికీ ఒంటికి అనిపించేదానికీ మధ్య ఇంత ఎడం మనిషిలోనే ఉన్నప్పుడు, బర్రెకు తేడా తెలియలేదన్న సంగతి దానికి ఏమీ అనిపించలేదనడానికి రుజువుగా నిలవదు. తోలు ఎండి వాసన మారేకొద్దీ ఉపాయం పనిచేయడం మానేస్తుందన్నది కూడా గమనించాలి. ఇప్పుడు చాలాచోట్ల ఈ బొమ్మ స్థానంలోకి ఆక్సిటోసిన్ సూది వచ్చింది. ఆరోగ్యానికి హాని చేసేలా పాల కోసం పశువుకు సూది వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. హార్మోను సంగతి మాత్రమే తెలిసినవాళ్లు హార్మోనునే ఎక్కిస్తారు. బొమ్మ తయారుచేసినవాళ్లకు హార్మోను సంగతి తెలియదు గానీ తల్లి సంగతి తెలుసు.

వాసనతో అల్లుకునే ఈ బంధాన్ని శాస్త్రవేత్తలు ఎక్కువగా గొర్రెల్లో పరిశీలించారు. ఈనిన కొద్ది గంటల్లోనే తల్లి తన పిల్ల వాసనను పట్టుకుంటుంది, ఆ తర్వాత పాలకు వచ్చే ఇతర పిల్లలను తోసేస్తుంది. ఇంగ్లండ్‌లో కీత్ కెండ్రిక్ బృందం 2001లో ప్రచురించిన పరిశోధన ప్రకారం గొర్రెలు 50 తోటి గొర్రెల ముఖాలను రెండేళ్లకు పైగా గుర్తుపెట్టుకోగలవు. ఆ బృందమే 2004లో మరో సంగతి చెప్పింది. మందనుంచి విడదీసిన గొర్రెకు తోటి గొర్రె ముఖమున్న బొమ్మను చూపిస్తే గుండె వేగం, అరుపులు, ఒత్తిడి హార్మోన్లు తగ్గాయి. మేక ముఖమో, త్రికోణమో చూపిస్తే అంతగా తగ్గలేదు. కొమురవెల్లి, ఐనవోలు జాతరల దారుల్లో మందలు తోలుకువెళ్లే గొల్ల కురుమలకు ఒంటరి గొర్రె పడే కంగారు కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు. తెలివితక్కువ మనిషిని గొర్రె అని తిట్టే అలవాటును మాత్రం ఆ 50 ముఖాల దృష్ట్యా పునరాలోచించవచ్చు.

ఉద్వేగాలు మనిషితో మొదలు కాలేదన్న వాదాన్ని పద్ధతిగా నిలబెట్టినవాడు చార్లెస్ డార్విన్. మనుషులూ జంతువులూ ఉద్వేగాలను వ్యక్తం చేసే తీరు మీద ఆయన పుస్తకం 1872లో వెలువడింది. అంతకు రెండు వందల ఏళ్ల ముందు ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ జంతువులను యంత్రాలతో పోల్చాడు, ఆయన అనుచరులు ఆ పోలికను మరింత దూరం లాగారు. డార్విన్ తర్వాత కథ మళ్లీ వెనక్కి తిరిగింది. పశువు చేసిన పనిని చిన్న కారణంతో వివరించగలిగినప్పుడు పెద్ద బుద్ధిని ఊహించకూడదని 1894లో బ్రిటిష్ మనస్తత్వవేత్త లాయిడ్ మోర్గాన్ పెట్టిన నియమం, 20వ శతాబ్దంలో బయటి ప్రవర్తననే కొలవాలన్న ప్రవర్తనవాదుల చేతిలో పడి, లోపలి అనుభవం గురించి అసలు మాట్లాడకూడదన్న నిషేధంగా మారింది. ఆ జాగ్రత్తకు కారణం లేకపోలేదు. గిట్టతో నేలను కొట్టి లెక్కలకు జవాబు చెబుతుందని జర్మనీలో పేరు మోగిన హాన్స్ అనే గుర్రం, నిజానికి ప్రశ్న అడిగేవారి తల, భుజాల్లో కలిగే అతి సన్నని కదలికలను చూసి గిట్ట కొట్టడం ఆపుతోందని 1907లో ఆస్కార్ ఫుంగ్స్ట్ తేల్చాడు. ఈ ఉదంతాన్ని పశువుల తెలివిని అతిగా ఊహించడానికి హెచ్చరికగానే చెబుతుంటారు. మనిషి ఉత్కంఠను, అది సడలిన క్షణాన్ని, ఆ మనిషికే తెలియని స్థాయిలో ఒక గుర్రం చదవగలిగిందన్న రెండో సగం మరుగున పడింది.

నిషేధాన్ని బద్దలుకొట్టినవారిలో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో పనిచేసిన నాడీశాస్త్రవేత్త యాక్ పాంక్సెప్ ముఖ్యుడు. ఎలుకలు ఆడుకునేటప్పుడు 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలాడతాయి. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినలేదు కాబట్టి ఆ సంగతి ప్రత్యేక పరికరాలతోనే తెలిసింది. చేత్తో చక్కిలిగింతలు పెడితే అవి ఇంకా ఎక్కువగా ఆ శబ్దం చేసి, పెట్టిన చేతి వెంట పరుగెత్తాయి. ప్రమాదంలో ఉన్నప్పుడు చేసే శబ్దం వేరు, అది 22 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మెదడు అడుగు భాగాల్లో, అంటే పరిణామక్రమంలో పాతవైన చోట్ల, అన్వేషణ, కోపం, భయం, కామం, సంరక్షణ, ఎడబాటు వేదన, ఆట అనే ఏడు వ్యవస్థలున్నాయని, క్షీరదాలన్నిటిలోనూ అవి ఒకే పోలికలో ఉన్నాయని పాంక్సెప్ వాదించాడు. ఆ చోట్లను విద్యుత్తుతో కదిలిస్తే జంతువు ఆ ప్రేరణ మళ్లీ రావాలనో, రాకూడదనో ప్రయత్నిస్తుంది; అది దానికి బాగుందో లేదో అన్న తేడా లేకపోతే ఆ ప్రయత్నానికి అర్థం లేదన్నది ఆయన తర్కం.

దీనికి బలమైన అభ్యంతరం భయం మీదే జీవితకాలం పనిచేసిన నాడీశాస్త్రవేత్త జోసెఫ్ లెడూ నుంచి వచ్చింది. ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని సిద్ధం చేసే నాడీవలయాలు ఎలుకలోనూ మనిషిలోనూ ఒకటే అయినా, ఆ వలయాలు పనిచేయడమే భయం కాదని, భయమన్న ఎరుక వేరుగా మెదడు పై భాగాల్లో తయారవుతుందని ఆయన అంటాడు. ఎలుకల మీద తన పాత ప్రయోగాలకు ‘భయం’ అన్న మాట వాడడం పొరపాటైందని కూడా ఆయన ఒప్పుకున్నాడు. మనిషి కూడా చేయి కాలగానే ముందు వెనక్కి లాక్కుంటాడు, మంట ఆ తర్వాత తెలుస్తుంది. కాబట్టి పశువు ఉలిక్కిపడిందన్న ఒక్క కారణంతో దానికి భయమేసిందని తీర్మానించడం తొందరపాటే. ఈ అభ్యంతరాన్ని హెచ్చరికగా తీసుకోవడం మేలు, తీర్పుగా తీసుకోవడం కష్టం. ఎందుకంటే ఉలికిపాటుతో సరిపెట్టలేని ప్రవర్తన పశువుల్లో కనిపిస్తోంది.

గత ఏడాది వడగళ్లకు మిర్చి పోగొట్టుకున్న రైతు, కాస్త మబ్బు పట్టగానే కల్లంలోని కాయ మీద పరదా కప్పడానికి పరుగెత్తుతాడు. ఆ దెబ్బ తగలనివాడు అదే మబ్బును చూసి ఊరుకుంటాడు. అనుమానాస్పదమైన సూచనను ఎటువైపు అర్థం చేసుకుంటారన్నది లోపలి స్థితిని బట్టి ఉంటుంది. ఈ సూత్రంతో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో లేగదూడల మీద ప్రయోగం చేశారు. తెర మీద ఒక రంగు కనిపించినప్పుడు దగ్గరకు వెళ్తే పాలు దొరుకుతాయి, మరో రంగు కనిపించినప్పుడు వెళ్తే పాలు దొరక్కపోగా కాసేపు వేచి ఉండాలి. దూడలు ఇది నేర్చుకున్నాక ఆ రెండింటికీ నడిమి రంగులు చూపించారు. కొమ్ములు పెరగకుండా కొమ్ము మొగ్గలను కాల్చిన తర్వాత అవే దూడలు నడిమి రంగుల దగ్గరకు వెళ్లడం తగ్గించాయి, అంటే మంచిని ఆశించడం తగ్గించాయి. 2013లో ఈ ఫలితం వెలువడింది. మరుసటి ఏడాది ప్రచురించిన పరిశోధనలో, తల్లి నుంచి విడదీసిన దూడల్లోనూ అదే ధోరణి కనిపించింది. పుండు నొప్పికీ ఎడబాటుకూ దూడ ఒకే తీరున స్పందించడం, అదీ పుండుతో గానీ తల్లితో గానీ సంబంధం లేని ఒక రంగుల తెర ముందు స్పందించడం, కేవలం ఒంటి ఉలికిపాటు అనే వివరణకు లొంగదు.

కోళ్ల దగ్గర దొరికిన ఆధారం ఇంకా సూటిగా ఉంటుంది. త్వరగా బరువు పెరిగే బ్రాయిలర్ కోళ్లలో కాళ్లు పట్టుతప్పి కుంటడం సాధారణం. మామూలు దాణా, నొప్పి తగ్గించే మందు కలిపిన దాణా రెండూ పక్కపక్కన పెట్టినప్పుడు కుంటే కోళ్లు మందు కలిపినదాన్ని ఎక్కువగా తిన్నాయని, కుంటడం ఎంత ఎక్కువైతే మందు అంత ఎక్కువగా తీసుకున్నాయని 2000లో వెలువడిన బ్రిటిష్ పరిశోధన చెప్పింది. తిన్నాక అవి మెరుగ్గా నడిచాయి కూడా. నొప్పి ‘అనిపించని’ కోడి నొప్పి మందును ఎంచుకోవడానికి కారణం వెతకడం కష్టం.

ఇంతవరకు వచ్చాక, పశువు ముఖం చూసి దాని మనసును చెప్పేయవచ్చన్న ధీమా కలగవచ్చు. అసలు పొరపాట్లు అక్కడే జరుగుతాయి. ఇంట్లో ఏదో పాడుచేసిన కుక్క చెవులు వాల్చి, తల దించి, కళ్ల అంచుతో చూస్తే తప్పు చేసినట్టు దానికి తెలుసని అందరూ అంటారు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో, కుక్క తప్పు చేసినా చేయకపోయినా యజమాని తిట్టినప్పుడే ఆ చూపు ఎక్కువగా కనిపించింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కల్లో అది మరీ ఎక్కువైంది. ఆ చూపులో ఉన్నది పశ్చాత్తాపం కాదు, ఎదురుగా ఉన్న కోపాన్ని చల్లార్చే ప్రయత్నం.

హన్మకొండ గుళ్ల దగ్గర పిల్లలు కోతిని చూసి పళ్లు ఇకిలిస్తారు, అదీ ఇకిలిస్తుంది, కోతి నవ్విందని కేరింతలు కొడతారు. కోతుల్లో శబ్దం చేయకుండా పెదవులు వెనక్కి లాగి పళ్లు చూపడం భయానికి, లొంగుబాటుకు గుర్తు; కళ్లలోకి గుచ్చి చూడడం బెదిరింపు. కాబట్టి నవ్వుతూ చూసే పిల్లవాడు కోతి భాషలో బెదిరిస్తూనే లొంగిపోతున్నాడు, అది చేతిలోని కొబ్బరిచిప్పను లాక్కుంటే ఆశ్చర్యపోవాల్సిన పని లేదు.

జాతరల్లో యాటను కోసే ముందు దాని వీపు మీద పసుపునీళ్లు చల్లి, ఒళ్లు జలదరించి విదిలించేదాకా ఆగుతారు. దీన్ని జడత పట్టడం అంటారు. ఒళ్లు విదిలిస్తే దేవత ఒప్పుకున్నట్టు లెక్క. చల్లని నీళ్లు వీపు మీద పడితే మేక ఒళ్లు విదిలించడం చర్మానికి సహజం. ఆచారం దేవతతో మనిషికి ఉన్న సంబంధానికి చెందినది, దాన్ని జీవశాస్త్రం తూకం వేయదు. అయినా యాట వైపు నుంచి అది అంగీకారం కాదని చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు సాగలేదు. చంపబోయే జీవం ఏదో ఒక గుర్తు ఇవ్వాలని ఆగే ఆ కొద్ది నిమిషాల నిరీక్షణలో మాత్రం, దానికీ ఒక మనసుందన్న పాత ఒప్పుకోలు కనిపిస్తుంది.

పగ సంగతి ఇంకా చిత్రమైనది. దెబ్బ తిన్న నాగుపాము పన్నెండేళ్లయినా వెతుక్కుంటూ వస్తుందని చెప్పుకునే కథలకు లెక్కలేదు. మనిషి ముఖాన్ని గుర్తుంచుకుని ఏళ్ల తరబడి వెంటాడే శక్తి పాముకు ఉన్నట్టు ఏ ఆధారమూ లేదు. ఎవరూ పగను అంటగట్టని కాకి దగ్గర మాత్రం దానికి దగ్గరగా వచ్చే ప్రవర్తన దొరికింది. అమెరికాలోని సియాటిల్‌లో జాన్ మార్జ్‌లఫ్ బృందం ఒక ప్రత్యేకమైన మాస్కు తొడుక్కుని కాకులను పట్టి, గుర్తులు వేసి వదిలేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ మాస్కుతో ఎవరు కనిపించినా కాకులు గోల చేస్తూ మీదికి వచ్చాయి; పట్టుబడిన సమయంలో అక్కడ లేని కాకులు కూడా మిగతావాటి నుంచి నేర్చుకుని అదే పని చేశాయి. దీన్ని పగ అనాలా, ప్రమాదాన్ని గుర్తుంచుకోవడం అనాలా అంటే రెండోదే సురక్షితమైన మాట. పగలో ‘నాకు చేసినదానికి బదులు’ అన్న లెక్క ఉంటుంది, కాకిలో ఆ లెక్క ఉందని ఎవరూ చూపించలేదు.

శోకం విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం, మరీ కష్టం కూడా. 2018లో ఉత్తర అమెరికా పడమటి తీరంలో ఒక ఆర్కా తిమింగలం చనిపోయిన తన పిల్లను 17 రోజుల పాటు తలతో నెట్టుకుంటూ దాదాపు 1,600 కిలోమీటర్లు ఈదింది. ఉత్తర బెంగాల్ తేయాకు తోటల్లో ఏనుగులు చనిపోయిన గున్నలను మోసుకొచ్చి, నీటి కాలువల్లో కాళ్లు పైకి ఉండేలా మట్టి కప్పిన ఐదు ఘటనలను పర్వీన్ కస్వాన్, ఆకాశ్‌దీప్ రాయ్ 2024లో నమోదు చేశారు. అంత దూరం పోనక్కర్లేదు. కరెంటు తీగ తగిలి కోతి చనిపోతే ఆంజనేయుడి రూపమని పాడె కట్టి, డప్పులతో ఊరేగించి పూడ్చే ఊళ్లు ఉత్తర తెలంగాణలో ఎన్నో ఉన్నాయి. ఆ జనం చుట్టూ గోడల మీద మిగతా కోతులు కూర్చుని చూస్తుంటాయి. తల్లి కోతులు చనిపోయిన పిల్లను ఎండి తోలుగా మారేదాకా మోయడం శాస్త్రవేత్తలు చాలాసార్లు నమోదు చేసిన విషయం. చావు తెలియకనే మోస్తోందని ఒక వివరణ; అయితే కొన్ని తల్లులు బతికున్న పిల్లను ఎన్నడూ పట్టుకోని విధంగా, ఒక చేయి పట్టుకుని ఈడ్చుకుంటూ తీసుకెళ్లడం వల్ల, ఏదో తేడా వాటికి తెలిసే ఉంటుందన్న అనుమానమూ బలపడింది. జత ఎద్దుల్లో ఒకటి పోతే మిగిలినది గడ్డి మానేస్తుందని ఆదిలాబాద్ వైపు రైతులు చెబుతారు. పొలాల అమావాస్యకు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, దండం పెట్టుకునే ఊళ్లలో ఆ మాటను ఎవరూ ప్రశ్నించరు. ఆ ఎద్దు అప్పటిదాకా జీవితమంతా ఒకే వైపు కాడి మోసింది. మేత వేళ, నీళ్ల వేళ, నడక అన్నీ రెండో ఎద్దు పక్కన ఉండగానే సాగాయి. దాని అలవాటు చెదిరిందని అన్నా, దానికి దుఃఖం కలిగిందని అన్నా, మేత మానేయడం అబద్ధం కాదు. మనిషి దుఃఖంలో కూడా అలవాటు చెదరడం ఎంత భాగమో భార్యో భర్తో పోయిన ముసలివాళ్లకు తెలుసు.

మూడో ప్రశ్నలో మాత్రం ఎడం నిజమైనదే. ఉద్వేగాలు పుట్టుకతో సిద్ధంగా ఉండవని, ఒంటిలో కలిగే మార్పులకు భాష, అనుభవం, సమాజం ఇచ్చిన భావనలు కలిసి మెదడు వాటిని అప్పటికప్పుడు నిర్మిస్తుందని మనస్తత్వవేత్త లీసా ఫెల్డ్‌మన్ బారెట్ వాదిస్తారు. ఆ వాదాన్ని పూర్తిగా ఒప్పుకోకపోయినా, కొన్ని ఉద్వేగాల విషయంలో అది కళ్లకు కనిపించే నిజం. ‘నలుగురిలో పరువు పోయింది’ అని కుమిలిపోవాలంటే నలుగురూ ఉండాలి, వాళ్ల దృష్టిలో తనకొక రూపముందని తెలియాలి. పత్తి పోయిన రైతు రాత్రి నిద్రపట్టక దొర్లేది వచ్చే నెల వాయిదా గుర్తొచ్చి. అతని కొట్టంలోని ఎద్దుకు ఆ వాయిదా లేదు. 2003లో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ చేసిన ప్రయోగంలో పక్క కోతికి ద్రాక్షపండు ఇచ్చి తనకు కీరదోస ముక్క ఇస్తే కొన్ని కాపుచిన్ కోతులు ఆ ముక్కను తిరస్కరించాయి. అన్యాయం మీద కోపమని కొందరు, ఆశించింది రాని చిరాకని కొందరు అన్నారు. ‘అన్యాయం’ అన్న మాట చేరాలంటే ఏది న్యాయమో ఒక ఊహ ఉండాలి కాబట్టి రెండో వివరణ తేలికైనది. చిరాకు మాత్రం రెండు వివరణల్లోనూ ఉంది.

కథ అల్లుకోలేకపోవడం వల్ల పశువు బాధ తక్కువే అవుతుందని అనుకోవడం కూడా సరికాదు. సర్జరీకి వెళ్లే మనిషికి నొప్పి ఎందుకో తెలుసు, నాలుగు రోజుల్లో తగ్గుతుందని తెలుసు, ఆ తెలివి నొప్పిలో కొంత భాగాన్ని మోస్తుంది. లారీలో కిక్కిరిసి నిలబడ్డ ఎద్దుకు ప్రయాణం ముగుస్తుందని ఎవరూ చెప్పలేరు. రేపటి చింత లేని జీవానికి రేపటి ఊరట కూడా లేదు.

క్షీరదాలు దాటి వెళ్లేకొద్దీ నేల మెత్తబడుతుంది, అయినా ఆధారాలు పూర్తిగా ఆగిపోవు. 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల తల మీద నొప్పి గ్రాహకాలను గుర్తించింది. 2011లో బలంగా కుదిపిన తేనెటీగలు అనుమానాస్పద వాసనను చెడ్డదిగా తీసుకోవడం కనిపించింది. క్షీరదాలు, పక్షులు, ఆక్టోపస్ సహా ఎన్నో జీవుల్లో ఎరుకకు కావలసిన నాడీ ఆధారాలు ఉన్నాయని 2012 జూలైలో కేంబ్రిడ్జిలో, కీటకాలను కూడా ఆలోచనలో ఉంచుకోవాలని 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తలు ప్రకటనలు చేశారు. ప్రకటనలు రుజువులు కావు. ఇన్నాళ్లూ జంతువుకు అనుభవం ఉందని చూపించాల్సిన బాధ్యత ఒక వైపే ఉండగా, ఇప్పుడది లేదనేవారి వైపు కూడా కొంత జరిగిందని మాత్రం అవి తెలియజేస్తాయి.

భారత చట్టం ఈ చర్చ ముగిసేదాకా ఆగలేదు. 1960 చట్టం పశువుకు అనవసరమైన నొప్పి, బాధ కలగకుండా చూడడం దాన్ని పెంచేవారి విధి అంటుంది. ప్రాణుల పట్ల దయ చూపడాన్ని పౌరుల ప్రాథమిక విధుల్లో చేర్చినది 1976 రాజ్యాంగ సవరణ. జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టు భయం నుంచి, వేదన నుంచి స్వేచ్ఛను కూడా జంతువుల ఐదు స్వేచ్ఛల్లో పేర్కొంది. ఆ తర్వాత జల్లికట్టు లాంటి ఆటలను అనుమతిస్తూ రాష్ట్రాలు చేసిన సవరణలను 2023లో రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. అదే 1960 చట్టం, నిర్దేశించిన పద్ధతిలో చేస్తే నాలుగు పనులను హింస కింద లెక్కించబోనని మినహాయించింది: కొమ్ములు తీయడం, వృషణాలు తీయడం లేదా నొక్కడం, వాతలు వేయడం, ముకుతాడు వేయడం. ఈ నాలుగింటిలోనూ నొప్పి ఉందని తెలిసే మినహాయించారు. ముకుతాడు విషయంలో ఆ తెలివి మరీ స్పష్టం. ముగ్గురు మనుషులు కోడె మెడ వంచి పట్టుకుంటే, నాలుగో మనిషి దబ్బనంతో ముక్కుదూలం గుచ్చి తాడు దూర్చి, పసుపు పూస్తాడు. ఆ తర్వాత పది క్వింటాళ్ల బండి లాగే జంతువు చిటికెన వేలంత తాడుకు తిరుగుతుంది, ఎందుకంటే ముక్కుదూలం దగ్గర దానికి నొప్పి పుడుతుంది. పశువుకు నొప్పి అనిపించదని నమ్మేవారెవరూ ఆ తాడును కనిపెట్టి ఉండేవారు కాదు. కొమ్ము మొగ్గ కాల్చేటప్పుడు కొమ్ము నరం దగ్గర మత్తు సూది వేయడం పశువైద్యులకు తెలిసిన పనే. అయితే ఆ దూడలు రంగుల తెర ముందు వెనకాడింది మత్తు దిగిన తర్వాతి గంటల్లో, మరుసటి రోజు కూడా. సూదితో పాటు ఆ పూటకూ మర్నాటికీ నొప్పి మందు ఇవ్వాలన్నది ఆ ప్రయోగం నుంచి కొట్టం దాకా రావాల్సిన మొదటి సంగతి.